ఇంటి రక్తం

రాజమండ్రి ఆసుపత్రిలో నాలుగేళ్ళ బాబుకి రక్తం ఎక్కుతోంది. తల్లి వాడి చెయ్యి కదలకుండా పట్టుకుంది. ఆమె మేనమామనే చేసుకుంది కాబట్టి, పక్కనున్న ముసలావిడ ఆమెకు అమ్మమ్మా, అత్తగారూ కూడా.

"వీడు కడుపులో ఉన్నప్పుడు గ్రహణంనాడు బయటికెళ్ళొద్దే అంటే విన్నావా?"

"గ్రహణం కాదమ్మమ్మా. రక్తం తయారుచేసే జన్యువులో ఏ తాతలనాడో మార్పొచ్చిందంట. నాలో సగం, మావయ్యలో సగం ఉందంట. సగమే ఉంటే ఏమీ తెలీదు. రెండు సగాలూ బాబుకొచ్చాయి."

"మీ ఇద్దరికీ ఎక్కణ్ణుంచి వచ్చిందే?"

మీ అమ్మమ్మ దగ్గర్నుంచే అన్న డాక్టరుగారి మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమో. చెల్లిని మాత్రం నీ చిన్నకొడుక్కి చేసుకోవద్దమ్మమ్మా. ముందు ఇద్దరికీ పరీక్ష చేయించాలంట."

"తాంబూలాలు పుచ్చుకున్నాక పరీక్షలేంటి, నలుగురూ నవ్విపోతారు! పరాయింట్లో అయితే నిన్నిలా చూసుకునేవారా?"

"చూసుకునేవారు కాదు."

"మరి! అయినా నెలనెలా ఎవరెవరిదో ఎక్కించడమేంటే పసివాడికి?" ముసలావిడ జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. "నాది తీసుకోమను. వాడి ఒంట్లో ఉన్నది నా రక్తమేగా!"

ఆమె ఒక చేత్తో బాబు చెయ్యి, రెండో చేత్తో అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.