పొడుగు వైరు

పవర్ సప్లైలు తయారుచేసే చిన్న షెడ్డు. టెస్టింగ్ బల్ల దగ్గర అక్క, ఆమె వెనక తమ్ముడు.

“ఒరేయ్, కాలుగాలిన పిల్లిలా తిరక్కు. స్కోపు తెర మీద గీత చూడనీ.”

“చూసేదేముందక్కా? కరెంటులో గోల నూట ఇరవై మిల్లీవోల్టులు. యాభై దాటకూడదన్నారు, దాటింది. వదిలేయ్.”

“వదిలేయ్ ఏంట్రా? ఇది వెళ్ళేది గుండె గీతలు గీసే మెషీన్లోకి. ఇంత గోల కలిస్తే డాక్టరుకి గుండె ఏదో గోల ఏదో తెలుస్తుందా?”

“అందుకే అంటున్నా. మన సప్లైలోనే ఉంది లోపం.”

“ఉంటే నాకు కనిపించాలి. ఔనూ, నువ్వు ఆ మెషీన్ల కంపెనీవాళ్ళకి చూపించడానికి పట్టుకెళ్ళిన పీసు మాటేమిటి?”

“చూసి చెబుతామన్నారు.”

“ఎప్పుడు చెబుతారట?”

“చెబుతారులే. చూసి చెబుతామన్నారు కదా!”

“ఈ ఆర్డరు రాకపోతే షెడ్డు మూసుకోవాలి, గుర్తుందా?”

“గుర్తుందక్కా, గుర్తుంది. ఎన్నిసార్లంటావు?”

“సరే, స్విచ్చాపు.”

“దేనికి?”

“సప్లై ఆపరా బాబూ. ఆపావా? ఇప్పుడు చూడు గీత.”

“అదేంటి… అలాగే ఉందే!”

“మరి సప్లై ఆగిపోయాక ఈ గోలెవరిది? నువ్వు కాస్త కిటికీ దగ్గరికెళ్ళు.”

“నేనా?”

“నువ్వే. వెళ్ళు… చూశావా, తగ్గింది. ఇటు రా… లేచింది! జేబులో ఏముంది?”

“ఏం లేదు.”

“ఏం లేకుండానే లేస్తుందా?”

“ఫోనక్కా. సైలెంట్లో పెట్టాను.”

“అంటే మోగుతూనే ఉందన్నమాట. ఎవరు?”

“ఎవరో. రాంగ్ నంబరు.”

“రాంగ్ నంబరు మాటిమాటికీ చేస్తుందా? సరే, దాని సంగతి తర్వాత. అసలు తప్పు ఫోనుది కూడా కాదు. మనం కొలిచే ఈ ప్రోబుకి వేలాడుతున్న గ్రౌండు వైరు చూడు, జానెడు పొడుగు. గోడలకి చెవులుంటాయంటారే, దీనికి అంతకన్నా పెద్ద చెవులు. చుట్టుపక్కల ఏ గోలున్నా లాగేసుకుంటుంది. దీన్ని పీకేసి ఈ చిన్న స్ప్రింగు తొడుగు. ఆఁ, ఇప్పుడు తిన్నగా సప్లై పిన్నుల మీదే ఆనించు. ఆన్ చెయ్. ఎంత?”

“పద్దెనిమిది.”

“గట్టిగా చెప్పు!”

“పద్దెనిమిది మిల్లీవోల్టులు.”

“నేను చెప్పలా! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కొలవడం చేతకాక సప్లైని ఆడిపోసుకుంటావా? ఏంట్రా, దొంగకి తేలు కుట్టినట్టు అలా నిలబడ్డావు? పాసైందిరా!”

“అక్కా, అక్కడ కూడా…”

“ఎక్కడ?”

“వాళ్ళ దగ్గర. నేనే కొలిచి చూపిస్తానన్నాను. మన ప్రోబుతోనే. ఈ పొడుగు వైరుతోనే.”

“ఎంతొచ్చింది?”

“చుట్టూ వాళ్ళ మెషీన్లన్నీ తిరుగుతున్నాయక్కా…”

“ఎంతొచ్చిందిరా?”

“నూట యాభై. వాళ్ళ ఇంజనీరు మొహం చూళ్ళేక పీసు అక్కడే వదిలేసి వచ్చేశాను.”

“వారమైంది నువ్వెళ్ళొచ్చి! వారం నుంచీ నోరు మెదపలేదు!”

“ఏమని చెప్పను? నువ్వు తిండి కూడా మానేసి చేసింది అందరి ముందూ ఫెయిలైందని చెప్పనా? నోరు రాలేదక్కా.”

“మరి ఆ రాంగ్ నంబరు?”

“వాళ్ళే. నా నంబరొక్కటే ఇచ్చాంగా. తిట్టడానికే చేస్తున్నారని ఎత్తట్లేదు. ఇదిగో, మళ్ళీ వాళ్ళే.”

“ఇటివ్వు.”

“వద్దక్కా…”

“ఇవ్వరా! హలో… అవునండి, వాళ్ళక్కని… ఆఁ… ఎప్పుడండీ?… అయ్యో. లేదండి, మావాడికి ఒంట్లో బాగోలేదు, అందుకే ఎత్తలేదు… అలాగేనండి. ఉంటాను.”

“ఏమన్నారు? బాగా తిట్టారా?”

“తిట్టలేదు.”

“మరి?”

“నువ్వొచ్చేశాక వాళ్ళ ఇంజనీరు చిన్న స్ప్రింగు పెట్టి మళ్ళీ కొలిచాడట. మనది పాసైందట. ఆ మాట చెబుదామని నీకు చేసీ చేసీ విసుగొచ్చి, పొద్దున్నే ఆర్డరు వేరేవాళ్ళకిచ్చేశారట. ఇప్పుడు చేసింది, మన పీసు మనల్ని వచ్చి పట్టుకెళ్ళమని.”