రొయ్యల పెట్టెలో రక్తం

నా పేరు ఏసమ్మ. భర్త కోటయ్య. వయసు యాభై ఒకటి. వ్యవసాయ కూలిని. ఊరు రేపల్లె పక్కన నగరం గ్రామం. 1994 నవంబరు 12, శనివారం, రేపల్లె పోలీసు స్టేషనులో అడిగినందుకు చెబుతున్నాను.

మా అమ్మాయి రిబ్కాకి ఏడో నెల. షుగరు ఉంది. కిందటిసారి ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. అందుకని ఈసారి మొదటినుంచీ ఇక్కడ డాక్టరమ్మగారికి చూపిస్తున్నాం. షుగరు పరీక్షకి రక్తం తీస్తారు, అది సరే. ల్యాబులో పనిచేసే జ్ఞానానందం ఇంకో రెండు గొట్టాలు నింపుతాడు. ఎందుకంటే, "రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూడ్డానికమ్మా, తెనాలి పంపాలి" అన్నాడు. మనిషి ఇక్కడుంటే నాళాలు తెనాలిలో ఎలా కనపడతాయి? నేను నమ్మలేదు.

ఈ రోజు రక్తం తీశాక, తొమ్మిదింటికి, అతని వెనకాలే బస్టాండుకి వెళ్లాను. చేతిలో తెల్ల పెట్టె, మీద రొయ్య బొమ్మ. రొయ్యల్ని ఐసులో పెట్టి పంపే పెట్టె నాకు తెలీదా? గర్భిణుల రక్తం పోస్తే రొయ్య తొందరగా బరువెక్కుతుందని చెరువుల దగ్గర అనుకుంటుంటారు.

పెట్టె లాక్కుని మూత తీశాను. ఐసు మధ్యలో రక్తం గొట్టాలు. "మా పిల్ల రక్తం రొయ్యలకి పోస్తావా" అని నేలకేసి కొట్టాను. అతన్ని చెప్పుతో కొట్టలేదు. చెప్పు చేతిలోకి తీసుకున్న మాట నిజం. అతను కింద కూర్చుని పగలని గొట్టం ఉందేమోనని వెతికాడు. అది చూసి నాకు ఇంకా అనుమానమొచ్చింది.

నన్ను ఇక్కడికి తెచ్చాక డాక్టరమ్మగారు రిబ్కాని వెంటబెట్టుకుని స్టేషనుకొచ్చి చెప్పారు. ఐసు కరగకుండా ఉంటుందని ఆ పెట్టె అడిగి తెచ్చుకున్నారట. షుగరున్న గర్భిణికి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటే, బీపీ పెరక్కముందే రక్తంలో తెలుస్తుందట. రిబ్కాది పోయినవారం బాగోలేదట. సరిచూసుకోడానికి మళ్లీ తీశారట. నేను పగలగొట్టింది అదే.

అప్పుడూ నమ్మలేదు. ఏంటే ఇదంతా అని రిబ్కానే అడిగాను. మూడు రోజులుగా తలనొప్పి, కళ్లు మసకలు అంది. పొద్దున జ్ఞానానందానికి చెప్పిందట. ఇద్దరం ఒకే చాప మీద పడుకుంటాం, నాకు చెప్పలేదు. ఎందుకే అంటే, "నీకు చెప్తే ఆస్పత్రి మాన్పిస్తావని, అమ్మా" అంది.

దాన్నిప్పుడు గుంటూరు పెద్దాస్పత్రికి తీసుకెళ్తున్నారు. కారు బయట ఉంది. నన్నూ పంపమని అడుగుదామనుకున్నాను. అడగనండి. నేను పక్కనుంటే నొప్పొచ్చినా చెప్పదేమో.

హెడ్డుగారు రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, కలిపిందీ తీసిందీ లేదు.

ఏసమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర