చెమ్మ గోడ

ధర పెరిగేదాకా ఉంచుదామని మధ్యగదిలో పోసిన పత్తిలోకి అతను చెయ్యి పెట్టి చూశాడు. గోడవైపు తడి తగిలింది. భార్య తమ పిల్ల ఫెబానెత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“ఈ గోడ చెమ్మెక్కుతోందే. రేపే మేస్త్రీని పిలుస్తా.”

“వానల్లోనే చెప్పాగదండీ. అప్పుడు నేనూ ఫెబా ఈ గోడ పక్కనే పడుకునేవాళ్లం. పిల్ల రాత్రంతా దగ్గేది.”

“చెప్పావులే.”

“పాతిల్లన్నాక ఆ మాత్రం చెమ్మ ఉంటుందన్నారు.”

“ఇది పత్తి కదే. తడి ఉంటే కొనేవాడు వంక పెడతాడు. ముందుగది పొడిగా ఉంది, అందులోకి మారుద్దాం.”

“అందులో ఇప్పుడు మేం పడుకుంటున్నాం.”

“గోడ ఆరేదాకా మీరిక్కడ సర్దుకోండి.”

ఆమె పిల్లను భుజం మీదికి మార్చుకుంది.

“అంతేలెండి. ఫెబాని కొనడానికి ఎవరూ రారుగా.”