పండగ సంచి

దీపావళి ముందురోజు. మల్కాజ్‌గిరిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పేదిళ్ళకు పంచే పండగ సంచులు నింపుతున్నారు ఇద్దరు: అసోసియేషన్ పెద్దావిడ, అక్కడి మెట్లు కడిగే పనామె.

“అమ్మా, అన్నీ నింపిన. నా సంచి పక్కకు పెట్టుకోనా?”

“నీకు ఈసారి లేదు కదమ్మా. మీ ఆయన పోయి ఏడాది తిరగలేదు. ఏటిసూతకం ఉన్న ఇంటికి పండగ సరుకు ఇవ్వకూడదన్నారు కమిటీవాళ్ళు.”

“నేను పండుగ జేస్తలేనమ్మా. ప్రమిదలు, మిఠాయి తీసెయ్యుండ్రి. బియ్యం ఒక్కటి ఇయ్యుండ్రి, చాలు.”

“నాకు మాత్రం ఇవ్వాలని ఉండదా? రేపు ఎవరింట్లో ఏం జరిగినా నన్నే అంటారు.”

“పొద్దుగాల్నుంచి గీ బియ్యమంతా నా చేతులతోటే పోసిన గదమ్మా.”

“అది పని. ఇది వేరు.”

“పోనీ, పండుగ ఎల్లినంక ఇస్తరా?”

“లెక్కకు సరిపడా తెప్పించాం. ఏమీ మిగలదు.”

“పిల్లలు సంచి కోసం ఎదురుచూస్తున్నరమ్మా. ఏం జెప్పాలె? మీ నాయిన సచ్చిపోయిండు, అందుకే బువ్వ సుత లేదని జెప్పాల్నా?”

“అలా అనకు. వచ్చే దీపావళికి నీ పేరే ముందు రాయిస్తా.”

“గప్పటిదాంక ఏం తినాలె?”

పెద్దావిడ లిఫ్ట్ వైపు చూసింది.

“కమిటీవాళ్ళు దిగుతున్నారు. కళ్ళు తుడుచుకో. ఆ సంచుల మూతులు గట్టిగా కట్టు, బియ్యం ఒలికిపోతాయి.”

“కడుతున్నమ్మా.”