చాపెల్ రో పద్నాలుగో ఇంటి పొగ

నా పేరు ఈనాక్ థాక్‌రే. వయసు అరవై ఆరు. నలభై ఒక్క ఏళ్లు బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాను. హాల్డెన్‌రాయిడ్ పట్టణం, చాపెల్ రో, పద్నాలుగో నంబరు ఇంట్లో భార్య సెలీనాతో ఉంటున్నాను. 1961 డిసెంబరు 5, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు మునిసిపల్ ఆరోగ్య శాఖ గదిలో పొగ ఇన్‌స్పెక్టర్ లమ్ గారి ముందు ఇది చెబుతున్నాను. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని ఆయన ముందే అన్నారు. దాచే ఓపిక నాకు లేదు.

మా వీధి ఇళ్లలో పొగ వచ్చే బొగ్గు కాల్చకూడదని నిరుడు అక్టోబరు ఒకటి నుంచి ఉత్తర్వు ఉంది. కాగితం మా ఇంటికీ వచ్చింది. చదివాను. మా నాన్న రోజుల్లో పొగ చట్టమంటే మిల్లుల పొగగొట్టాలకే. ఇంటి పొయ్యి జోలికి ఎవరూ రాలేదు. తొమ్మిదేళ్ల కిందటి డిసెంబరులో లండన్‌లో పొగమంచుకు జనం పిట్టల్లా రాలిపోయాక చట్టం మా గడప కూడా తొక్కింది. అయినా అది కొనుక్కునే బొగ్గుకేలే అనుకున్నాను. నాది కొన్న బొగ్గు కాదు. గనిలో పనిచేసినవాడికి చచ్చేదాకా ఇంటికొచ్చే బొగ్గు. నెలకోసారి బండివాడు గుమ్మం ముందు కుప్పపోసి, నా గని నంబరు 1137 వేసిన చీటీ ఇచ్చి పోతాడు. బదులుగా కోకు అనే పొగరాని బొగ్గు ఇస్తామని గని ఆఫీసువాళ్లు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ వద్దన్నాను.

సెలీనాకు ఆయాసం. మూడేళ్లుగా కూర్చునే నిద్రపోతోంది.

"ఏమయ్యా, ఆ కోకే తెచ్చుకుందాం. ఊపిరాడట్లేదు నాకు," అని ఎన్నోసార్లు అంది.

"నీకు వెచ్చగా ఉండాలన్నాడు కదే డాక్టరు! ఆ కోకు అంటుకునేసరికి మనం గడ్డకట్టి పోతాం," అనేవాణ్ణి. వెచ్చగా ఉండాలన్నది డాక్టరు మాటే. మిగతా మొండితనం నాది.

పట్టుబడకుండా ఒక ఉపాయం చేశాను. ఆకాశం తేటగా ఉన్న రోజు చిన్న కరెంటు పొయ్యితో సరిపెట్టేవాణ్ణి. మంచు దట్టంగా దిగిన రోజే బొగ్గు వెలిగించేవాణ్ణి. మంచులో పొగ ఎవడికి కనిపిస్తుంది?

నిన్న సోమవారం. మంచు బాగా దిగింది. ఏడుంబావుకు పొయ్యి వెలిగించాను. మా వీధి ఆడవాళ్లు ప్రళయం వచ్చినా సోమవారం బట్టలుతకాల్సిందే. ఎనిమిదింటికి పక్కింటి డోర్కస్ హెప్‌వర్త్ దుప్పటి ఆరేయడానికి వచ్చింది.

"ఇదిగో ఈనాక్, నేను ఉతకడం, నీ పొగగొట్టం మసి పూయడం! ఇదేనా వరస?" అని అరిచింది.

"నీ దుప్పటి తెల్లగా ఎప్పుడేడ్చిందిలే," అన్నాను.

ఎనిమిదీ నలభైకి లమ్ గారు తలుపు తట్టారు. పొయ్యి మండుతూనే ఉంది. ఎవరొచ్చినా కదలని సెలీనా లేచి ఆయనకు కుర్చీ వేసింది. నాకు వింతగా అనిపించింది.

ఎవరో ఫిర్యాదు రాసి పంపారని, ఈ రోజు ఆఫీసుకు రమ్మని ఆయన చెప్పారు. అది రాసింది డోర్కసే అనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి ఆమె గుమ్మం ముందు నిలబడి, వీధంతా వినేలా చాడీకోరు అని తిట్టాను. నేను రాయలేదని ఏడ్చింది. నమ్మలేదు.

ఈ ఉదయం లమ్ గారు ఒక మాట చెప్పారు. "మంచు రోజు పొగ పైకి పోదండీ. మీ వీధిలోనే, మీ ఇంట్లోనే తిరుగుతుంది. మీ ఆవిడ పీల్చింది అదే." ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను. గనిలో నలభై ఒక్క ఏళ్లు గాలి ఎటు పోతోందో చూసుకునే బతికాను. ఇంట్లో చూసుకోలేదు.

ఫిర్యాదు చేసినవారి పేరు ఆయన చెప్పలేదు. ఫైలు మూస్తుంటే ఆ ఫిర్యాదు కాగితం తిరగబడింది. వెనకవైపు చూస్తే అది బొగ్గు చీటీ. నంబరు 1137. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే. వీధి చివరి తపాలా పెట్టె దాకా సెలీనా ఎలా నడిచిందో, ఎన్నిచోట్ల ఆగి గోడ పట్టుకుందో నాకు తెలియదు.

నేరం ఒప్పుకుంటున్నాను. జరిమానా ఎంతైనా సరే. ఇక్కణ్ణుంచి నేరుగా గని ఆఫీసుకు వెళ్లి కోకు కావాలని సంతకం పెడతాను. డోర్కస్‌ను క్షమించమని అడుగుతాను. ఒక్కటే మనవి. ఆ చీటీ నేను చూశానని సెలీనాకు తెలియకూడదు. ఇన్‌స్పెక్టరుకు భయపడి మానేశానని చెప్పుకుంటాను.

నేను చెప్పింది లమ్ గారు రాసుకుని, నాకు చదివి వినిపించారు. మార్చవలసింది లేదు. ఇందులో అబద్ధమూ లేదు. అబద్ధం ఇంటికి వెళ్లాక ఆడతాను, ఒక్కటే.

(సంతకం) ఈనాక్ థాక్‌రే
గని నంబరు 1137