పనికిరాని లెక్క

పెదబయలు కాఫీ కల్లంలో, తాను తయారుచేసిన తేమ మీటరు పట్టుకుని ఇంజనీరు తల దించుకున్నాడు. గింజలు ఎండాయని మీటరు చెప్పింది. కల్లం చూసుకునే పెద్దామె ఒక గింజ కొరికితే దాని మీద పంటి గాటు పడింది.

“ఏటి బాబూ, నీ మిషను ఎండిపోనాయంటంది, నా పన్ను పచ్చంటంది. పన్ను రిపేరుకిమ్మంటావా?”

“పొద్దున కొత్త ప్రోగ్రాం ఎక్కించానమ్మా. బేగి పనిచేసేలా మార్చమని కంపైలర్‌కి చెప్పాను.”

“అదెవులు?”

“నేను రాసింది మిషను భాషలోకి మార్చేది. తేమ తెలియాలంటే మీటరు కాసేపు ఆగాలి. అందుకని ఊరికే వెయ్యి లెక్కపెట్టమని రాశాను. పనికిరాని లెక్క అనుకుని అది తీసిపారేసింది.”

“ఓలమ్మో, ఎంత తెలివి! గింజలు కల్లంలో ఊరికే పడున్నాయని మూటలు కట్టించేసినట్టుంది.”

“ఇప్పుడా లెక్క మధ్యలో ‘ఏమీ చెయ్యకు’ అని మిషను భాషలోనే, అసెంబ్లీలో, ఒక్క మాట నా చేత్తో రాస్తాను. దాన్ని కంపైలర్ ముట్టుకోదు.”

“ఏటీ సెయ్యొద్దని సెప్పడానికి ఇంత సదువా!”

ఈసారి మీటరు కాసేపు ఆగి, పచ్చి అని చూపింది. అతను హుషారుగా బ్యాగు సర్దుకున్నాడు.

“ఎక్కడికి? గింజలింకా మూడ్రోజులెండాల, అప్పుడు నీ మిషనేటంటాదో సూడాల. కూకో బాబూ. ఊరికే కూకున్నోడిని మేం తీసిపారెయ్యంలే.”