జంట జెర్రిపోతులు

ఏంటీ? రెండూ మగవా? ఆగాగు, ఆ ఫోను ఇలా ఇవ్వు. నా కళ్ళజోడేదీ... ఆఁ, ఇప్పుడు చూపించు. ఇదిగో, సగం ఒళ్ళు పైకి లేపి, మెడ మీద మెడ వేసుకుని, పురికొస పేనినట్టు ఎలా చుట్టుకున్నాయో! ఎంత ముచ్చటైన జంటో అని నేను మురిసిపోతుంటే, నువ్వేమో "జంటా కాదు, గింటా కాదు తాతా, రెండు మగ జెర్రిపోతులు కొట్టుకుంటున్నాయి" అంటావు. బాగుందే నీ చదువు! పాముల గురించి చదువుతానని నువ్వన్నప్పుడు మీ నాన్న నెత్తీ నోరూ కొట్టుకుంటే వెనకేసుకొచ్చింది నేనేగా. నాకు తగిన శాస్తే జరిగిందిలే. ఎందుకంటావా? అలాంటి జంటని చూసే కదా నేను మీ నానమ్మని చేసుకుంది. నవ్వకు. కూర్చో. ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్, గాలి కొడుతోంది.

ధాన్యం గోదాములో కాటా దగ్గర పనిచేసేవాణ్ణని నీకు తెలుసుగా. బస్తా కాటా మీద పడితే ముల్లు చూసి బరువు చెప్పడం నా పని. పెద్ద రేకుల షెడ్డు, లోపల ఎప్పుడూ మసక చీకటి, ఊక వాసన. బస్తాలు గోడకి ఆనించి పేర్చేవాళ్ళం కాదు. గోడకీ వాటికీ మధ్య జానెడు సందు వదిలేవాళ్ళం. కొత్తగా చేరినవాడు ఎవడైనా "చోటు దండగ కదా" అంటే "అది దాని దారి" అనేవాళ్ళం. దాని అంటే జెర్రిపోతుది. గింజలున్నచోట ఎలకలు ఎలాగూ ఉంటాయి, వాటి కోసం అదీ ఉంటుంది. ముందు పిల్లిని తెచ్చారట, అది ఎండలో కాళ్ళు చాపుకుని పడుకోవడం తప్ప చేసిందేమీ లేదు. ఇది అలా కాదే, పొద్దెక్కి రేకులు వేడెక్కగానే డ్యూటీలో దిగిపోయేది. మనిషికంటే పొడుగు, నా మణికట్టంత లావు, దూలం మీదకి కూడా సర్రున పాకేది. విషం లేదు, ఏమీ లేదు. కానీ మూలకి చిక్కిందో, మెడ ఉబ్బించి గుర్రుమనేది, అచ్చం కుక్కలాగే. మా కేకల మేస్త్రీ, ఆయనకి మామూలుగా మాట్లాడ్డం రాదులే, మంచినీళ్ళడిగినా కేకే, ఆ మహానుభావుడు ఓసారి ఆ గుర్రు విని బస్తాల మీంచి దూకి కాలు బెణికించుకున్నాడు. తిట్లు మాత్రం నాకు! నేనేం చేశానయ్యా అంటే "నువ్వు నవ్వావు" అంటాడు. నవ్వాననుకో.

ఏం చెప్తున్నాను? ఆఁ, దాని దారి. కింది వరస బస్తా లాగేముందు అరచేత్తో ఆ బస్తాని టకటకా తట్టి "జరుగు, వస్తున్నాం" అనాలి. అని, కాసేపు ఆగాలి. అది జరజరా పక్కకి తప్పుకుంటుంది, అప్పుడు లాగాలి. మా గోదాములో అందరికీ ఆ అలవాటే. అది పెట్టింది ఎవరనుకున్నావ్? మీ నానమ్మే. బస్తాల మూతులు కుట్టేది కదా, చేతిలో దబ్బనం, భుజం మీద పురికొస ఉండ. ఆవిణ్ణి అందరూ దబ్బనం అనే పిలిచేవాళ్ళు. చేతిలోదాన్ని చూసి అనుకునేవు, కాదు, నోరు చూసి. జెర్రిపోతు కుబుసం విడిచినప్పుడల్లా దాన్ని జాగ్రత్తగా రెండు చేతుల మీద వేసుకొచ్చి నా కాటా మీద పరిచేది. "తూచు, కాటా అబ్బాయ్." ముల్లు కదిలేదా? కదలదు. "ఇంత పొడుగుంది, బరువు లేదు. అచ్చం నీ మాటల్లాగే" అని చక్కా పోయేది. నాకు కోపం రావాలి కదా? రాకపోగా, మళ్ళీ కుబుసం ఎప్పుడు విడుస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి. ఇంకోసారేమో సందులోకి తొంగిచూసి, "దీని పెదాల మీద ఆ నల్ల గీతలు చూశావా, ఎవరో దబ్బనంతో కుట్టినట్టు లేవూ? అది నా కుట్టే" అంది. ఉంటాయా అలా గీతలు? చూడు చూడు... ఉన్నాయి కదూ! అదిగో. ఆ మాట మాత్రం తప్పు కాలేదు.

ఆ రోజు ఎండగా ఉంది. లారీ ఇంకా రాలేదు. ఉన్నట్టుండి మేస్త్రీ కేక, "పాములో! పాములు!" అందరం పరిగెత్తాం. కాటా షెడ్డు వెనక ఖాళీ స్థలంలో రెండు జెర్రిపోతులు. ఒకటి మనదే, రెండోది ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఇదిగో, నీ ఫోన్లో ఉన్నట్టే, చుట్టుకుని, పైకి లేచి, కిందపడి, మళ్ళీ లేచి. మేమున్నామన్న ధ్యాసే లేదు వాటికి. మేస్త్రీ ఊరుకుంటాడా, "జెర్రిపోతుల్లో ఆడవి ఉండవురా, ఆ రెండోది కచ్చితంగా ఆడ తాచు! కర్ర తెండి!" అని ఒకటే గోల. మీ నానమ్మ దబ్బనం పట్టుకుని ముందుకొచ్చేసింది. "కర్ర ఎత్తండి చూద్దాం. ఏం, ఇంట్లో మీరూ మీ ఆవిడా ఉన్నప్పుడు మేమొచ్చామా కర్రలు పట్టుకుని?" అంది. అంతే, మేస్త్రీ చల్లబడ్డాడు. జన్మలో అదొక్కసారే ఆయన గుసగుసగా మాట్లాడ్డం విన్నాను, "వదిలెయ్యండ్రా" అన్నాడు. అందరూ నవ్వుకుంటూ లోపలికెళ్ళిపోయారు. మేమిద్దరం మిగిలాం. ఆవిడ వాటినే చూస్తోంది, నేను ఆవిణ్ణి చూస్తున్నాను. "ఎంత ప్రేమో చూడు, ఊపిరాడకపోయినా వదలట్లేదు" అంది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్న మాట, ఎలా వచ్చిందో, "మనమూ అలా ఉందామా?" అనేశాను. ఎగాదిగా చూసింది. "ఈ మాటకి మాత్రం కాస్త బరువుంది" అంది. చేసుకుంటానని చెప్పడం అదేనే తల్లీ.

ఇక ఆ తర్వాత మేం పోట్లాడుకోని రోజుందా! మీ నాన్ననడుగు. కిటికీ తియ్యాలంటే ఒక పోట్లాట, వెయ్యాలంటే ఒకటి. నేను అరిస్తే ఆవిడ ఒంటికాలి మీద లేచేది. ఎవరూ తగ్గం. తగ్గితే పరువు పోదూ? చివర్న ఎప్పుడూ ఒకటే మాట, "ఆ జెర్రిపోతుల్ని చూసైనా సిగ్గు తెచ్చుకోవయ్యా, నోరులేనివి ఎంత అన్యోన్యంగా ఉన్నాయి!" మూతి ముడుచుకుని గదిలో కూర్చునేవాణ్ణి. కాసేపటికి తలుపు మీద టకటకా చప్పుడు. "జరుగు, వస్తున్నా." అని, కాసేపు ఆగి, వచ్చేది. నేను జరిగేవాణ్ణి. అయిపోయింది, పోట్లాట అక్కడితో సరి. ఆఖర్న ఆసుపత్రిలో మాట పడిపోయాక కూడా, మంచం అంచు మీద వేలితో తట్టేది. చప్పుడే వచ్చేది కాదు. అయినా నాకు తెలిసేది, జరిగి దగ్గరగా కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు నువ్వొచ్చి, అవి కొట్టుకున్నాయి అంటున్నావు. ఏమన్నావు, కరుచుకోవా? ఎదటిదాని తల నేలకి వంచాలి, అంతేనా? ఒళ్ళంతా చుట్టుకుని, నువ్వు వంగు అంటే నువ్వు వంగు అని! ఓరి దేవుడా. అయితే మేం జీవితాంతం అచ్చం వాటిలాగే ఉన్నామన్నమాట! సిగ్గు తెచ్చుకోవలసిన పనే లేకపోయింది. ఈ మాట ఇప్పుడు ఆవిడకి చెప్తేనా... చేతిలో పని కిందపడేసి నవ్వేది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. నీకు చెప్తున్నాను సరే, నువ్వూ నవ్వుతున్నావు సరే. కానీ నాకు ఆవిడతో చెప్పాలనుందే. ఇంకెవరితో చెప్పినా ఇది సగమే అవుతుంది.

సరే, ఆఖరికి ఏమవుతుంది? మేం చివరిదాకా చూళ్ళేదు, లారీ వచ్చేసింది. ఊఁ... ఓడింది వెళ్ళిపోతుందా? గెలిచింది అక్కడే ఉండిపోతుందా, ఆ చోట్లోనే?

మరి ఆవిడ వెళ్ళిపోయింది. నేనిక్కడే ఉన్నాను. ఇదేం గెలుపే?

ఆ ఫోను కట్టెయ్ ఇంక. చలేస్తోంది. మంచం కింద పెట్టెలో దుప్పటి ఉంటుంది, తియ్. ఆగాగు, అలా తెరిచెయ్యకు. ముందు తట్టు. ఏమీ ఉండదని నాకూ తెలుసులే. తట్టి, కాసేపు ఆగు.